మా అన్న తిక్కకొయ్యలు

మా అన్న పోయి ఏడాది కావస్తుండగా, జ్ఞాపకార్థ కూటానికి వచ్చేవాళ్ళ చేతిలో ఏం పెట్టాలి అన్న మాట ఇంట్లో వచ్చింది. మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో అదొక పద్ధతి. సాయంత్రం ఇంటి ముందు షామియానా వేస్తారు. పాటలు, ప్రార్థన, పాస్టరుగారి వాక్యం, తర్వాత భోజనం. వెళ్ళేటప్పుడు ఒక స్టీలు గిన్నె గానీ టిఫిను డబ్బా గానీ ఇస్తారు. దాని మీద పోయినవాళ్ళ పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది. ప్రొద్దుటూరులో పాత్రల కొట్ల వీధిలోకి వెళితే ఆ పేర్లు చెక్కే మిషను చప్పుడు వినబడుతూనే ఉంటుంది. మా వంటింట్లో అట్లాంటి గిన్నెలు ఒక అల్మారాకు సరిపడా ఉన్నాయి. ఒకరి పేరున్న గిన్నెలో పప్పు, ఇంకొకరి పేరున్న గిన్నెలో పెరుగు పెట్టుకుని తింటుంటాం. అందులో తప్పేమీ లేదు. పోయినవాళ్ళు వంటింట్లో పనికొస్తూ ఉండడం మంచిదే.

మా వదిన మాత్రం గిన్నెలు వద్దంది.

"ఆయన తిక్కకొయ్య ఇస్తా," అంది.

నేను చదువుతున్న పుస్తకం పక్కన పెట్టి ఆమె మొహం చూశాను. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ కొయ్యలను వంటింటి గడప దాటనివ్వని మనిషి ఆమె. తిక్కకొయ్య అన్న పేరు పెట్టిందే ఆమె. ఆ పేరు ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి బడికి పోయింది. అన్న చివరికి తనే క్లాసులో ఆ పేరు వాడేవాడు. దానికి లెక్కల పుస్తకాల్లో స్ఫెరికాన్ అని వేరే పేరుంది. మా ఇంట్లో ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు.

అదేమిటో చెప్పాలి. రెండు గరాటులను మూతికి మూతి ఆనించి అతికించారనుకోండి. అటొక మొన, ఇటొక మొన, నడుమ గుండ్రటి అంచు. దాన్ని ఈ మొన నుంచి ఆ మొన దాకా నిలువునా రెండు చెక్కలుగా కోస్తే, కోసిన చోట చదునైన ముఖం వస్తుంది. గరాటుల కొలత సరిగ్గా ఉంటే ఆ ముఖం నాలుగు వైపులా సమానమైన చదరం అవుతుంది. చదరాన్ని పావు వంతు తిప్పినా మళ్ళీ తన చోట్లో తాను కూర్చుంటుంది. అందుకని ఒక చెక్కను అట్లాగే ఉంచి, రెండోదాన్ని పావు వంతు తిప్పి అతికిస్తే, అంచులు ఎక్కడా బయటికి పొడుచుకురావు. కానీ వస్తువు నడక మారిపోతుంది. తిప్పకముందు దాన్ని నేల మీద దొర్లిస్తే ఒక మొన చుట్టూ గిరగిరా తిరుగుతూ అక్కడే ఉంటుంది. తిప్పిన తర్వాత కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి ఒంగుతూ ముందుకు పోతుంది. పోతూ తన ఒంటిని మొత్తం, ఏ మూలా మిగలకుండా, నేలకు ఆనించుకుంటూ పోతుంది. వదిన దాన్ని మొదటిసారి చూసినప్పుడు, "తాగినోని మాదిరి పోతాందే," అన్నది. పేరు అప్పుడే పుట్టింది.

మా అన్నకు ఈ పిచ్చి చిన్నప్పటిది. రాజుపాలెం దగ్గర మా తాత కౌలుకు చేసిన చేలో, కళ్ళంలో జొన్న కంకులు తొక్కించే రాతిగుండు ఉండేది. దాని ఒక కొన లావు, ఒక కొన సన్నం. ఎద్దులు లాగుతుంటే అది దానంతటదే గుండ్రంగా తిరిగేది. నేను కంకుల్లో ఆడుకుంటుంటే వాడు ఆ గుండు వెంబడి నడిచేవాడు. ఒకరోజు నాతో చెప్పాడు: "ఎద్దులు తిప్పడంలే మే. గుండే తిరుగుతాంది. దానికి నేరుగా పోవడం రాదు." ఎనిమిదేళ్ళవాడు. మా ముత్తాత మిషను బడిలో చదివి టీచరైన దగ్గర్నుంచి మా ఇంట్లో ప్రతి తరంలో ఒక టీచరు ఉంటారు. ఈ తరానికి ఎవరో ఆ రోజే తేలిపోయిందని మా తాత అనేవాడు.

అన్న కమలాపురంలో, పులివెందులలో, చివరికి ప్రొద్దుటూరులో లెక్కలు చెప్పాడు. ఎక్కడికి బదిలీ అయినా ఆ ఊళ్ళో మొదట వెతికేది కొయ్యను మిషను మీద తిప్పుతూ గుండ్రంగా చెక్కే తరిణె పనివాణ్ణి. పులివెందులలో ఒక ముసలాయన దొరికాడు. ఆయన మంచం కోళ్ళు చేసేవాడు. ఆయన చేత అన్న ఏవేవో చేయించాడు. వాటిలో గుండ్రంగా లేని గుండ్లు మూడు ఉండేవి. చూస్తే మొన తేలిన కొబ్బరికాయల్లా ఉంటాయి. కానీ ఎటు పట్టి కొలిచినా ఒకటే మందం. నేల మీద ఆ మూడూ పెట్టి, వాటి మీద పలక పెట్టి, పలక మీద నిండు చెంబు పెట్టి తోస్తే, కింద గుండ్లు అడ్డదిడ్డంగా దొర్లుతాయి, పైన నీళ్ళు తొణకవు. చెంబుతో ఆగి ఉంటే బాగుండేది. ఒకసారి ఆ పలక మీద హెడ్మాస్టరును నిలబెట్టాడు. ఆయన తొణకలేదు గానీ, గోడ వచ్చేసరికి ఆగడం ఎట్లాగో ఇద్దరికీ తెలియలేదు. ఆ కథ పులివెందులలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వదిన పుట్టిల్లు పులివెందులే కాబట్టి ఆమెకు అది తప్పించుకోవడానికి వీల్లేని కథ.

"మీ ఆయనేం జేస్తాండాడు మే, ఇంగా దొర్లిస్తాండాడా?" అని ప్రతి పెళ్ళిలో ఎవరో ఒకరు అడిగేవారు. వదిన నవ్వి ఊరుకునేది. ఇంటికొచ్చి కొయ్యలన్నీ మంచం కిందికి తోసేది.

ఇప్పుడు ఆమెకు కావలసిందేమిటో ఆ రోజు రాత్రి అన్నం తింటూ చెప్పింది. "ఆయన దొర్లించేటప్పుడు అందురూ ఆయన్ను చూసి నగినారు. కొయ్యను ఎవురూ చూల్లేదు. నేనూ చూల్లేదు. ఒక్కసారి అందురూ దాన్ని చూడాల. చూసినంక నగనీ, నాకేం లేదు."

ఇంతకంటే వివరంగా ఆమె ఎప్పుడూ చెప్పలేదు. నాకు అర్థమైంది. అందుకే భయం కూడా వేసింది. చూడమని ఎవరినీ బలవంతపెట్టలేం. కొయ్య చేతిలో పెడితే దాన్ని సంచిలో వేసుకుని, పిచ్చి సారు పెళ్ళాం కూడా పిచ్చిదైందని అనుకుంటూ పోతే ఆమె ఏం చేస్తుంది?

వదిన వాళ్ళన్న అదే మాట అడిగాడు. ఆయనకు పులివెందుల అవతల చీనీతోట ఉంది, బత్తాయిని మా వైపు చీనీ అంటారు. పెద్ద మనిషి, గట్టి గొంతు. చెల్లెలంటే ప్రాణం. ఆ ప్రాణమంతా తిట్లలో చూపిస్తాడు.

"కొయ్యముక్కలు ఇస్తావా? పొయ్యి లోకి ఇచ్చినారనుకుంటారు."

"అందురికీ గ్యాసు ఉండాది లేన్నా."

"అయితే దేనికిచ్చినారో అని బుర్ర గోక్కుంటారు. డబ్బాలు ఇద్దాం మే. మా బావ పేరు పెద్దగా కొట్టిద్దాం."

"నీ ఇంట్లో ఎన్ని డబ్బాలుండాయి?"

"శానా ఉండాయి."

"ఒక్కరి పేరు చెప్పు, ఏ డబ్బా మీదుండాదో."

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పు మే. చదువుకున్నదానివి."

నేను ఇరవై ఏడేళ్ళు ఒక శాఖా గ్రంథాలయంలో పని చేశాను. అందువల్ల ఇంట్లో ఏ తగాదా వచ్చినా తీర్పు నన్ను అడుగుతారు. నేను తీర్పు చెప్పలేదు. "వదిన ఇష్టం బావా," అన్నాను. ఆయన నా పెన్షను దండగ అన్నాడు.

పులివెందుల ముసలాయన తరిణె మానేసి చాలా కాలమైంది. జమ్మలమడుగులో ఒక భాయ్ ఉన్నాడని, ఉయ్యాల కోళ్ళు, చపాతీ కర్రలు నున్నగా చేస్తాడని ఎవరో చెప్పారు. నాకు ఆ వారం జ్వరం. వదినే బస్సెక్కి ఒక్కతే వెళ్ళింది. అన్న స్వయంగా ఆకురాయితో అరగదీసి చేసుకున్న తిక్కకొయ్య ఒకటి ఉండేది. నమూనాకని దాన్నే గుడ్డలో చుట్టి తీసుకుపోయింది. వేపకొయ్యతో ఇట్లాంటివి నూరు పైచిలుకు కావాలని చెప్పింది. ఇదేందమ్మా అని ఆయన అడిగితే ఆమెకు ఏం చెప్పాలో తోచలేదు. మా ఆయన చేసింది, ఆయన లేడు, ఆయన పేరు మీద ఇస్తాం, అంది. భాయ్ తలూపాడట. ఇంకేమీ అడగలేదట. "మర్యాదస్తుడు మే," అని వదిన ఇంటికొచ్చి మెచ్చుకుంది.

ఆ మర్యాదే కొంప ముంచింది.

కూటం రోజు పొద్దున వదిన వాళ్ళన్న పులివెందుల నుంచి కారులో బయల్దేరి, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు వెళ్ళి, గోనెసంచి డిక్కీలో వేసుకుని పదింటికల్లా వచ్చేశాడు. సంచిని వరండాలో దించి మూతి విప్పాడు. నూరు పైచిలుకు కొయ్యలు, పాలిష్ పట్టినవి, ఒకదాన్నొకటి పోలినవి. ఆయన కూడా ఒకటి చేతిలోకి తీసుకుని, "సోకుగా ఉండాయే," అన్నాడు.

వదిన ఒకదాన్ని వరండాలో పరిచిన కడపరాయి మీద పెట్టి తోసింది. అది మొన చుట్టూ గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే వచ్చింది. ఆమె ఇంకొకటి పెట్టింది. అదీ అంతే. మూడోది, నాలుగోది. వరండా నిండా కొయ్యలు గుంజకు కట్టిన దూడల్లాగా ఎక్కడివక్కడ తిరుగుతున్నాయి.

"బాగనే తిరుగుతాండాయి గదే," అన్నాడు వాళ్ళన్న.

"ఇది కాదునా."

"ఏంది కాదు?"

"ముందుకు పోవాల. ఇవి పోవు."

సంచి అడుగున గుడ్డలో చుట్టిన అన్న కొయ్య ఉంది. వదిన దాన్ని విప్పి చూసింది. దాన్ని కూడా సరిచేసి పంపాడు. రెండు చెక్కలూ విడదీసి, మొనకు మొన కలిపి, అంచుకు అంచు కలిపి, శుభ్రంగా అతికించి ఉంది. వదిన దాన్ని దొర్లించలేదు. చేతిలో పట్టుకుని వంటింట్లోకి పోయి పీట మీద కూర్చుంది.

వాళ్ళన్న గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించడం నేను అదే మొదటిసారి చూడడం. "మే, కారు ఈడనే ఉండాది. పాత్రల కొట్టుకు పోయొస్తా. పేర్లు లేకున్నా ఏం కాదు. అదేమన్నా ఏడుస్తాందా చూడు."

ఏడవడం లేదు. కూటం ఐదింటికి. నేను జమ్మలమడుగుకు ఫోను చేశాను.

"చెప్పమ్మా, అందినాయా? బాగుండాయా?" అన్నాడు భాయ్ సంతోషంగా.

"శానా బాగుండాయి భాయ్. అయితే మేమిచ్చిందాని మాదిరి లేవు."

"యాడుంటాయమ్మా? అది పాపం ఎవురో కింద పడేసినారు. చెక్కలు ఊడిపోతే అడ్డంగా అతికించినారు. సారు పేరు మీద ఇచ్చేది అంటిరి. వంకరది ఇస్తే ఆయనకేం మర్యాద? అమ్మగారికి తెలీదులే అని నేనే సక్కంగా చేసినా. నమూనా గూడా సరిచేసినా. దానికి దుడ్లేం వద్దు."

నేను వంకరే దాని పద్ధతి అని చెప్పాను. పావు వంతు తిప్పితే ఏమవుతుందో, అన్న దాన్ని ఎందుకట్లా చేశాడో చెప్పాను. అవతల తరిణె మిషను తిరుగుతున్న చప్పుడు వినిపించింది, తర్వాత అది ఆగిపోయింది.

"అంటే వంకరదే సక్కందా?"

"అవును భాయ్."

"నేను నూరిటినీ చెడగొడితినా?"

"చెడలేదులే. చెక్కలు విడదీయడానికి అవుతాదా?"

"అవుతాది, అవుతాది. నమూనా రెండు చెక్కలది గదా, నేనూ రెండు చెక్కలు అతికిచ్చే చేసినా. మధ్యలో పేపరుండాదమ్మా. అల్మారాల మీద అతికే సగం కంబాలు మేం అట్లే చేస్తాం. రెండు చెక్కల మధ్యన పేపరు పెట్టి అతికిచ్చి, తరిణె పట్టి, మళ్ళ చీలుస్తాం. అతుకులో కత్తి పెట్టి ఒక్కటి కొట్టు, ఊడొస్తాది. నేను జిగురు తీసుకోని వస్తాండా. బండి మీద ఎంతసేపు."

వంటింట్లోకి వెళ్ళి ఇది చెప్పాను. వదిన లేచి, కూరగాయల కత్తి తీసుకుని, పచ్చడి నూరే పొత్రంతో వరండాలోకి వచ్చింది. ఒక కొయ్యను ఒడిలో నిలబెట్టి, అతుకు మీద కత్తి ఆనించి, పొత్రంతో కొట్టింది. ఫట్‌మని రెండు చెక్కలైంది. లోపలి ముఖాల మీద చినిగిన పేపరు, సగం దీనికి, సగం దానికి అంటుకుని ఉంది. జిగురు ఇంకా రాలేదు. పెరట్లో వంటవాళ్ళు అన్నం వారుస్తున్నారు. వదిన గుప్పెడు వేడన్నం తెచ్చి, రాతి మీద మెదిపి, చెక్కకు పూసి, రెండోదాన్ని పావు వంతు తిప్పి అదిమింది. చిన్నప్పుడు బడి పుస్తకాలకు అట్టలు వేసుకున్నట్టే.

దాన్ని నేల మీద పెట్టి తోసింది.

అది కుడికి ఒరిగింది. పడిపోతుందనుకునే లోపల ఎడమకు ఒరిగింది. అట్లా ఒరుగుతూ, ఒరుగుతూ వరండా ఆ కొస నుంచి ఈ కొస దాకా వచ్చి, వాళ్ళన్న చెప్పులకు తగిలి ఆగింది. ఆయన కింద చూశాడు. వంగి దాన్ని తీసుకుని, తనే తోశాడు. అది మళ్ళీ వదిన దగ్గరికి పోయింది.

"దీన్నా మా బావ చేసింది?" అన్నాడు.

"నీకు ముప్పై ఏండ్లు చూపిచ్చినాడు."

"నాకెప్పుడు చూపిచ్చినాడే?"

"నీ ఇంటికొచ్చిన ప్రతిసారీ. నువ్వు చీనీకాయల రేటు చెప్తాంటివి."

ఆయన చొక్కా చేతులు మడిచి నేల మీద కూర్చున్నాడు.

భాయ్ వచ్చేసరికి పన్నెండు దాటింది. బండికి ముందు జిగురు డబ్బా, వెనక ఉలుల సంచి. లోపలికి వస్తూనే చేతులు జోడించబోయాడు. వదిన ఆ క్షమాపణలేవీ చెప్పనివ్వకుండా అన్నం మెతుకులతో అతికిన కొయ్యను ఆయన ముందుకు దొర్లించింది. ఆయన గడప దగ్గరే ఆగిపోయాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, అది పోయే దారంతా పక్కనే పాకుతూ పోయి, గోడ దగ్గర దాన్ని పట్టుకున్నాడు. తిప్పి తిప్పి చూశాడు.

"ఇన్నేండ్లు తరిణె పడితిని. నా మిషను మీద గుండ్రంది తప్ప ఏమీ రాదనుకుంటి," అన్నాడు. ఆ తర్వాత అడిగాడు, "సారు ఇది యాడ నేర్చుకున్నాడమ్మా?"

"పుస్తకాల్లో. నా సంసారాన్ని పట్టించుకోకుండా నేర్చుకున్నాడు," అంది వదిన. అంటూ నవ్వింది. ఏడాది తర్వాత ఆమె నవ్వడం అదే మొదలని నేను రాయను. మధ్యలో కూడా నవ్వింది. కానీ అన్న గురించి మాట్లాడుతూ నవ్వడం అదే మొదలు.

ఇక వరండా కార్ఖానా అయింది. భాయ్ ఉలితో చీలుస్తాడు. వదిన వాళ్ళన్న గరుకు కాగితంతో పేపరు గీకుతాడు. నేను జిగురు పూస్తాను. వదిన తిప్పి అదిమి దారం చుడుతుంది. కాసేపటికి వంటవాళ్ళు ఇద్దరు, షామియానా కట్టడానికి వచ్చినవాళ్ళు ముగ్గురు కూడా వచ్చి కూర్చున్నారు. మొదటి గంట తగాదాతోనే గడిచింది.

"కుడికి తిప్పాల్నా, ఎడమకా?" అని వదిన వాళ్ళన్న అడిగాడు.

"ఎటు తిప్పినా ఒకటే బావా."

"అదెట్లా ఒకటైతాది? బోల్టు గూడా ఒక పక్కకే తిరుగుతాది."

నమ్మకుండా ఒకటి కుడికీ, ఒకటి ఎడమకూ తిప్పి చేసి, రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఏది ఏదో ఆయనకే తెలియకుండా పోయింది. "మోసం ఉండాది దీంట్లో," అన్నాడు. తర్వాత వచ్చినవాళ్ళందరికీ ఎటు తిప్పినా ఒకటేనని తనే చెప్పడం మొదలుపెట్టాడు.

గీకేటప్పుడు పేపరులో ముక్కలు కనబడేవి. ఆయన వాటిని పైకి చదివేవాడు. ఒక చెక్క మీద సినిమా ప్రకటన సగం, ఒకదాని మీద కరెంటు కోత వార్త. ఒకదాన్ని చాలాసేపు గీకకుండా చూస్తున్నాడు.

"రాశిఫలాలు. వృషభరాశి. బంధువుల వల్ల శ్రమ."

"మనకు రాశులు లేవు లేన్నా."

"రాశి లేకున్నా శ్రమ అయితే ఉండాది గదే, చూడు నా ఏళ్ళు."

అన్న కొయ్యను వదిన ఎవరికీ ఇవ్వలేదు. దాన్ని భాయ్ కొత్త జిగురుతో గట్టిగా అతికించాడు కాబట్టి ఊడదీయడం కష్టమైంది. తడిగుడ్డ చుట్టి, ఆగి, కత్తి పెట్టి, మళ్ళీ తడిపి, గంట పట్టింది. భాయ్ చేస్తానన్నా వద్దంది. విడిపోయాక ఆమె చెక్కలను పావు వంతు తిప్పి పెట్టింది. చేత్తో చేసింది కనక చదరం పూర్తిగా చదరం కాదు. ఒక మూల సన్నంగా వెంట్రుకంత తేడా వస్తుంది. అందువల్ల అది దొర్లేటప్పుడు ఒక వైపు కొంచెం ఎక్కువసేపు ఆగి, తర్వాత రెండో వైపుకు పోతుంది. అన్న బతికున్నప్పుడు నాకు ఆ తేడా కనబడలేదు. మిగతా నూరూ సరిగ్గా పోతుంటే ఇప్పుడు కనబడింది.

అతికినవాటిని మిద్దె మీద చాపల్లో ఎండబెట్టాం. ప్రొద్దుటూరు ఎండ ఆ ఒక్క రోజూ మాకు పనికొచ్చింది. పక్కింటావిడ వాళ్ళ మిద్దె మీద నుంచి తొంగి చూసి, "ఏం వడియాలు మే అవి?" అని అడిగింది. సాయంత్రం వస్తే పెడతానంది వదిన.

ఐదింటికి షామియానా కింద కుర్చీలు నిండాయి. మా వీధి సిమెంటు రోడ్డు. ఇంటి దగ్గర్నుంచి చివర కాలువ దాకా కొద్దిగా వాలు. కుర్చీలు రెండు వైపులా వేసి మధ్యన దారి వదిలారు. పాటలు అయ్యాయి. పాస్టరుగారు వాక్యం చెప్పారు, క్లుప్తంగానే. అన్న గురించి కొందరు మాట్లాడారు. మంచివాడని, ఎవరినీ ఒక మాట అనలేదని, లెక్కలు బాగా చెప్పేవాడని. అందరి గురించీ చెప్పే మాటలే. అబద్ధాలేమీ కావు.

అప్పుడు వదిన లేచింది. కూటాల్లో ఆమె ఎన్నడూ మాట్లాడదు. పాట కూడా పెదవులతోనే పాడుతుంది. ఆమె ముందుకు వచ్చి, కుర్చీల మధ్య దారి మొదట్లో, సిమెంటు మీద కూర్చుంది. కూర్చోవడం చూసి వెనక వరసలవాళ్ళు ఏదో అయిందనుకుని లేచారు. ఆమె చేతిలో అన్న కొయ్య ఉంది.

"నేను మాట్లాడలేను. మీరు దీన్ని చూడండి," అంది. వదిలింది.

అది బయల్దేరింది. కుడి వరసవాళ్ళ వైపు ఒరిగి, వాళ్ళ కాళ్ళ దగ్గరికి పోతున్నట్టు పోయి, ఆగి, ఎడమ వరస వైపు ఒరిగింది. ఒక ముసలామె కాళ్ళు పైకి తీసుకుంది. ఒకరిద్దరు నవ్వారు. నేను వదినను చూశాను. ఆమె జనాన్ని చూడడం లేదు, కొయ్యను చూస్తోంది. చీర కొంగు పిడికిట్లో ఉంది. కొయ్య అట్లాగే కుడికీ ఎడమకూ పోతూ, ఎవరికీ తగలకుండా, దారి వదలకుండా, ఒక్కో వరసా దాటింది. అది పోయేకొద్దీ నవ్వులు తగ్గాయి. తలలు అటు తిరిగి ఇటు తిరిగాయి. చివరి వరసల వాళ్ళు కుర్చీల మీద నుంచి లేచి నిలబడ్డారు. ఈసారి బాగా కనబడడానికి. కాలువ ముందర భాయ్ నిలబడి ఉన్నాడు. ఆయన వంగి రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు.

ఇందాక కాళ్ళు పైకి తీసుకున్న ముసలామె, "ఇంగోసారి ఇడువు మే, నేను సరీగ చూల్లేదు," అంది.

అప్పుడు నవ్వారు. షామియానా కింద అందరూ, పాస్టరుగారు కూడా. వదిన పిడికిలి వదిలి వాళ్ళతో పాటు నవ్వింది. భాయ్ కొయ్యను తెచ్చి ఇచ్చాడు. ఆమె మళ్ళీ వదిలింది. మూడోసారి ఆ ముసలామే వదిలింది. ఆ తర్వాత నేను లెక్క పెట్టలేదు.

భోజనాల దగ్గర ఒక్కొక్కరికీ ఒక కొయ్య ఇచ్చాం. ఎవరూ దాన్ని వెంటనే సంచిలో వేసుకోలేదు. బిర్యాని విస్తరి ఒక చేత్తో, కొయ్య ఒక చేత్తో పట్టుకుని వీధి పొడవునా జనం నిలబడి ఉన్నారు. వదిన వాళ్ళన్న తెల్ల చొక్కాతో రోడ్డు మీద కూర్చుని, ఎవరి కొయ్య ముందు కాలువ చేరుతుందో చూద్దామని పందెం పెట్టించాడు. ముందు చేరినదాని కంటే ఎక్కువ వంకర పోయి చేరినదే గెలిచినట్టు అని మధ్యలో రూలు మార్చాడు, ఆయనది వెనకబడింది కాబట్టి. అన్న దగ్గర చదువుకున్న ఒకతను, ఇప్పుడు చెన్నూరులో లెక్కల టీచరు, ఏ చెక్క ఎక్కడ కోసి ఎట్లా తిప్పాలో ఒక గుంపుకు వివరిస్తున్నాడు. ఆ గుంపులో షామియానా కట్టినవాళ్ళు అతణ్ణి మధ్యలో ఆపి, అట్లా కాదు సార్ అని దారం ఎట్లా చుట్టాలో చెప్పారు. పొద్దున చేసింది వాళ్ళే కదా.

మర్నాడు వదిన వాళ్ళన్న పులివెందుల నుంచి ఫోను చేశాడు. ఆయన గొంతుకు స్పీకరు అక్కర్లేదు, నాకు అవతలి గదిలోకి వినిపించింది.

"మే, నా కొయ్యను మనమరాలు మెట్ల మీద నుంచి ఇడిసింది. సైడు కాలువలో పడిపోయింది. ఇంగొకటి పంపు."

"యాడ పంపేది? అన్నీ అయిపోయినాయి."

"మా బావది ఉండాది గదా."

"అది నాది."

"మరి నేనేం జేయాల?"

"జమ్మలమడుగుకు పోయి భాయ్ దగ్గర కొయ్య తెచ్చుకో. చీల్చుకో, గీక్కో, తిప్పి అతికిచ్చుకో," అంది వదిన. "నువ్వు నిన్న యాభై చేస్తివి గదునా. ఎట్లా చేయాల్నో నన్నెందుకు అడుగుతావు?"

అవతల ఆయన ఏదో గొణిగాడు. అది మాత్రం నాకు వినిపించలేదు. వదినకు వినిపించినట్టుంది. "ఎటు తిప్పినా ఒకటే," అని చెప్పి ఫోను పెట్టేసింది.